నాన్నకు లింఫోమా వచ్చింది... నా మాత్రల వల్ల నాకూ వస్తుందా?

పల్నాడు జిల్లాలో పుట్టి, పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న 34 ఏళ్ల ఆవిడ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దన్నారు. నాలుగు పేజీలుంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

వాళ్ల నాన్నగారికి 61 ఏళ్లు. నాలుగెకరాల్లో మిరప, పత్తి వేస్తారు. పద్దెనిమిదో ఏట నుంచీ తన చేనుకు తనే మందు కొట్టుకున్న మనిషి. కిందటేడు ఉగాది ముందు గడ్డం గీయించుకుంటుంటే మెడ ఎడమపక్కన రేగుపండంత గడ్డ మంగలి చేతికి తగిలింది. నొప్పి లేదు. ఈవిడే సెలవు పెట్టి వెళ్లి, దగ్గర్లోని పట్నంలో ఒక డాక్టరుకు చూపించారు. సూదితో తీసి చేసిన పరీక్షలో ఏమీ తేలలేదు. అయినా ‘మన దగ్గర మెడలో గడ్డంటే టీబీయే’ అని మందులు మొదలుపెట్టారు. నాలుగు నెలలు గడిచేసరికి గడ్డ నిమ్మకాయంత అయింది, చంకలో ఇంకొకటి తేలింది. రాత్రిపూట బనియను పిండితే నీళ్లు కారేంత చెమటలు, తొమ్మిది కిలోల బరువు పోయింది. చివరికి హైదరాబాద్ తీసుకొచ్చి గడ్డను కోసి తీయించి బయాప్సీ చేయిస్తే ‘డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా’ (తెల్లరక్తకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్) అన్నారు. ఆరు కీమోల్లో మూడు అయ్యాయి. ఇప్పుడు గడ్డ చేతికి తగలడం లేదు.

ఆయన తేరుకుంటుంటే ఇల్లు చెదురుతోందని ఆవిడ బాధ. తమ్ముడు ‘అంతా పురుగుమందుల వల్లే’ అంటున్నాడు. అమెరికాలో ఎవరికో కోట్ల పరిహారం వచ్చిన వీడియో చూసి కేసు వేద్దామంటున్నాడు, లేదా పొలం అమ్మేద్దామంటున్నాడు. అమ్మ టీబీ అన్నరోజు నుంచి నాన్నకు కంచం, గ్లాసు వేరు పెట్టింది. టీబీ కాదని తేలినా ఇంకా తీయలేదు. పైగా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష చేశారని ‘మా ఆయన అలాంటివాడా’ అని ఇప్పటికీ కుమిలిపోతోంది. చెల్లెలికి కుదిరిన సంబంధం వాళ్లు ఏదో జబ్బని చూచాయగా విని ‘వంశంలో ఉందేమో’ అని ఆగిపోయారు. ఇక ఉత్తరం రాసినావిడకు అయిదేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది, వారానికొకసారి కీళ్లవాపును అణచే మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకునేవారు. ‘ఈ మాత్రతో లింఫోమా వస్తుంది’ అని ఫోన్లో చదివి రెండు నెలల కిందట మానేశారు, ఎవరికీ చెప్పలేదు. ‘పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవడం లేదు, ఆరేళ్ల పాపకు జడ వేయలేకపోతున్నాను, మావారు వేస్తున్నారు’ అని రాశారు. దవడ కింద శనగగింజంత ఏదో తగులుతోందట, రోజుకు ఇరవైసార్లు తడుముకుంటున్నారట. ఆఖరి వాక్యం: ‘నాన్నను ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. ఇదంతా ఎవరి వల్ల జరిగింది?’

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతా అన్నిటికన్నా ముందు మీ మాత్రల సంగతి మాట్లాడాలి, ఎందుకంటే మీ ఇంట్లో ఇవాళ నిజంగా నష్టం జరుగుతున్నది అక్కడే.

మీరు చదివింది పచ్చి అబద్ధం కాదు. మెథోట్రెక్సేట్ వాడుతున్న కొద్దిమందిలో లింఫోమా లాంటి గడ్డలు రావడం, మందు ఆపగానే వాటిలో కొన్ని వాటంతటవే కరిగిపోవడం డాక్టర్లు రాసి పెట్టారు. జపాన్ నుంచి ఇలాంటివి ఎక్కువ నమోదయ్యాయి. కానీ మీరు చదివినచోట చెప్పని సగం ఇంకొకటి ఉంది. అసలు రుమటాయిడ్ ఉన్నవాళ్లకే, ఏ మందూ వాడకపోయినా, లింఫోమా వచ్చే అవకాశం మామూలువాళ్లకన్నా దాదాపు రెండింతలు. స్వీడన్‌లో రుమటాయిడ్ ఉండి లింఫోమా వచ్చిన 378 మందిని, రుమటాయిడ్ ఉన్నా లింఫోమా రాని అంతమందితో పోల్చి చూశారు. 2006లో అచ్చయిన అధ్యయనం అది. ఏళ్ల తరబడి కీళ్లవాపు అదుపులో లేకుండా ఉన్నవాళ్లలోనే ముప్పు బాగా పెరిగిందని తేలింది. మెథోట్రెక్సేట్ వాడినందువల్ల పెరిగినట్టు కనబడలేదు. అంటే మీరు ఏ భయంతో మాత్ర మానేశారో, మానేయడం వల్ల ఆ భయానికే బలం పెరుగుతోంది. జడ వేయలేని ఆ వేళ్లలో ఇప్పుడు రగులుతున్నదే ఆ వాపు.

ఇది ఎందుకో అర్థమైతే మీ మిగతా ప్రశ్నలకు కూడా దారి దొరుకుతుంది. లింఫోమా అనేది లింఫోసైట్లలో, అంటే మన ఒంటికి కాపలా కాసే తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. శత్రువు కనబడితే అవి గబగబా విభజన చెంది వేలు, లక్షలు అవుతాయి. విభజన జరిగిన ప్రతిసారీ జన్యువుల రాతను మళ్లీ రాసుకోవాలి, రాతలో ఎక్కడో ఒకచోట తప్పు పడుతుంది. చాలా తప్పులు దిద్దుబాటవుతాయి, లేదా ఆ కణమే చచ్చిపోతుంది. ఎప్పుడో ఒక తప్పు మిగిలిపోతుంది. కాబట్టి ఈ కణాల్ని ఏళ్ల తరబడి ఊపిరాడనీయకుండా పనిచేయించేది ఏదైనా ముప్పే: రుమటాయిడ్, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్స్ లాంటి జబ్బులు, కడుపులో తిష్ఠవేసిన హెలికోబాక్టర్ పైలోరి బాక్టీరియా, ఏళ్లకేళ్లు ఉండిపోయే హెపటైటిస్ సి. పైలోరి వల్ల కడుపులో వచ్చే ఒక రకం లింఫోమా చాలామందిలో యాంటీబయాటిక్స్‌తోనే తగ్గిపోతుందంటే, పురికొల్పేదాన్ని తీసేస్తే కణాలు ఎలా సద్దుమణుగుతాయో చూడండి. రెండోది, కాపలానే బలహీనపరిచేవి: హెచ్‌ఐవీ, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందులు. ఇక వయసు. మీ నాన్నగారి రకం 60 దాటినవాళ్లలో ఎక్కువ, ఎందుకంటే అన్నేళ్లూ రాసిన రాతలో అన్ని తప్పులు పోగుపడతాయి.

అమ్మగారిని బాధపెట్టిన హెచ్‌ఐవీ పరీక్ష సంగతీ ఇదే. అది మీ నాన్నగారి నడతను శంకించి చేసింది కాదు. లింఫోమా అని తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి మూడూ చేస్తారు. పైగా ఆయనకు ఇస్తున్న మందుల్లో రిటుక్సిమాబ్ ఉండి ఉంటుంది. ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్ బి వైరస్‌ను అది లేపగలదు, అప్పుడు కాలేయం ప్రాణం మీదికి తెస్తుంది. హెపటైటిస్ బి పరీక్ష చేయకుండా ఆ మందు ఎక్కిస్తేనే తప్పు. ఈ మాట ఆసుపత్రిలో ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆవిడ ఇన్నాళ్లు కుమిలేది కాదు. ఇప్పుడైనా మీరు కూర్చోబెట్టి చెప్పండి.

మళ్లీ మీ మాత్రలకే వస్తాను. మీ ముందు మూడు దార్లున్నాయి. పాత మందుకే తిరిగి వెళ్లడం ఒకటి. కానీ రెండు నెలల విరామం తర్వాత మీ అంతట మీరు మొదలుపెట్టకండి. రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరు మోతాదు చెబుతారు. పోయిన వారాలను పూడ్చుకుందామని ఎక్కువ వేసుకోవడం, వారం మాత్రను రోజూ వేసుకోవడం ప్రాణాంతకం. నేను ఈ మాట పాఠకులందరికీ చెబుతున్నాను, ఈ ఒక్క పొరపాటుతో ఐసీయూకి వచ్చినవాళ్లను చూశాను. మందు మార్చుకోవడం రెండో దారి. లెఫ్లునోమైడ్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఉన్నాయి. భయం మిమ్మల్ని వదలకపోతే ఆ మాట దాచకుండా డాక్టరుతో అనండి, అదీ ఒక కారణమే. కాకపోతే ఏ మందుకైనా దాని బాధలు దానికున్నాయి, అందరికీ ఒకేలా పనిచేయదు. ఏమీ వాడకపోవడం మూడోది, ఇప్పుడు మీరున్నది అక్కడే. ఒకసారి ఒరుసుకుపోయిన కీలు తిరిగి రాదు. ఇంకొక మాట. రెండో బిడ్డ ఆలోచన ఉంటే మెథోట్రెక్సేట్ గర్భంలో అస్సలు కూడదు, కొన్ని నెలల ముందే ఆపాలి, లెఫ్లునోమైడ్ కూడా అంతే. ఆ విషయం ముందు చెబితే డాక్టరు వేరేగా ఆలోచిస్తారు.

దవడ కింద తగిలేది మామూలు గ్రంథి కావచ్చు. రుమటాయిడ్ రేగినప్పుడు గ్రంథులు ఉబ్బుతాయి, పంటి ఇన్ఫెక్షన్‌కూ ఉబ్బుతాయి. రోజుకు ఇరవైసార్లు నొక్కితే ఉబ్బనిది కూడా ఉబ్బుతుంది. అదే అపాయింట్‌మెంట్‌లో డాక్టరుకు చూపించి తడిమి చూడమనండి. నెల, నెలన్నరలో తగ్గకపోతే, పెరుగుతుంటే, రెండు సెంటీమీటర్లు దాటితే, గట్టిగా రబ్బరులా అనిపిస్తే స్కాన్, అవసరమైతే బయాప్సీ. జ్వరం, ఒళ్లు తడిసే చెమటలు, కారణం లేకుండా ఆరు నెలల్లో పదోవంతు బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగొద్దు. అంతేగానీ ‘ఫుల్ బాడీ క్యాన్సర్ ప్యాకేజీ’లకు డబ్బు పోయకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో లింఫోమాను ముందుగా పట్టుకునే స్క్రీనింగ్ పరీక్ష అంటూ ఏదీ లేదు.

పాప గురించి, చెల్లెలి గురించి. తల్లికో తండ్రికో ఈ జాతి లింఫోమా వస్తే పిల్లలకు అవకాశం ఇంచుమించు ఒకటిన్నర నుంచి రెండింతలు అంటారు. రెండింతలు అనే మాట వినగానే గుండె ఝల్లుమంటుంది. ఎంతకు రెండింతలో కూడా చూడాలి. మన దేశంలో హాడ్జ్‌కిన్ కాని లింఫోమాలన్నీ (లింఫోమాల్లో పెద్ద తరగతి ఇది, మీ నాన్నగారిదీ ఇందులోదే) కలిపి ఏటా లక్షమందిలో ఇద్దరు ముగ్గురికి వస్తాయి. దానికి రెండింతలంటే ఏటా లక్షలో నలుగురి నుంచి ఆరుగురు. మిగతా తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై నలుగురిలో మీ పాప, మీ చెల్లెలు ఉంటారని అనుకోవడమే లెక్కప్రకారం సబబు. రొమ్ము క్యాన్సర్‌కు ఉన్నట్టు ‘ఈ జన్యువు ఉందా లేదా’ అని చూసే పరీక్ష దీనికి మామూలుగా చేయరు, అవసరమూ లేదు.

సంబంధం వాళ్ల విషయంలో అదేం జబ్బో దాచమని మీ నాన్నగారు అన్నారని రాశారు. దాస్తే ఇప్పటికి కుదరొచ్చు. కీమోతో జుట్టు ఊడిన మనిషి పెళ్లిపీటల దగ్గర కనబడ్డప్పుడు తెలుస్తుంది, అప్పుడు మాట పడేది అత్తవారింట్లో ఉన్న మీ చెల్లెలు. చెబితే పోవచ్చు. మధ్యేమార్గం ఒకటుంది: మీ నాన్నగారికి వైద్యం చేస్తున్న డాక్టరుతో అబ్బాయి తరఫు పెద్దలు ఇద్దరు మాట్లాడేలా చూడడం, అదీ నాన్నగారు ఒప్పుకుంటేనే. డాక్టరు నోట ‘ఇది అంటుకునేది కాదు, వంశపారంపర్యమని చెప్పేదీ కాదు’ అన్న మాట వింటే చాలామంది మెత్తబడతారు. మెత్తబడకపోతే నిర్ణయం మీ చెల్లెలిది. ఆమె ఏమంటోందో మీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ముందు ఆమెను అడగండి.

ఇక తమ్ముడి మాట. అతన్ని మూర్ఖుడనకండి, అతని కోపానికి ఆధారం ఉంది. మీ నాన్నగారు కుర్రతనంలో గమాక్సిన్ పొడిని పాతగుడ్డలో మూటగట్టి మొక్కల మీద దులిపేవారని రాశారు కదా. మన ఊళ్లలో గమాక్సిన్ అన్నది బీహెచ్‌సీ అనే పురుగుమందు. దానిలో పురుగును చంపే అసలు సరుకు లిండేన్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ లియోన్‌లో ఉంది. 2015లో వాళ్లు లిండేన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చారు, అదీ ప్రత్యేకంగా ఈ హాడ్జ్‌కిన్ కాని లింఫోమా ఆధారంగానే. మన దేశం బీహెచ్‌సీని 1997లోనే నిషేధించింది, లిండేన్‌ను 2013లో. కానీ మీ నాన్నగారి యవ్వనమంతా ఆ పొడిలోనే గడిచింది. అదే 2015లో మలాథియాన్, డయాజినాన్, గడ్డిమందు గ్లైఫోసేట్ ‘బహుశా కారణం కావచ్చు’ అనే వర్గంలోకి వెళ్లాయి. డీడీటీ కూడా.

అయితే ఆ వర్గాలు చెప్పేది ఆధారం ఎంత గట్టిగా ఉందని, ముప్పు ఎంత పెద్దదని కాదు. గ్లైఫోసేట్‌నే తీసుకోండి. అమెరికాలోని అయోవా, నార్త్ కరోలినాల్లో మందు కొట్టే 54 వేలమందికి పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించి 2018లో రాసిన అధ్యయనంలో మొత్తం మీద లింఫోమాతో సంబంధం కనబడలేదు. మరుసటి ఏడాది పలు అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు బాగా ఎక్కువగా వాడినవాళ్లలో ముప్పు 41 శాతం పెరిగిందన్నారు. పండితులే ఇంకా వాదులాడుకుంటున్నారు. మీ తమ్ముడు చూసిన వీడియో 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో జ్యూరీ గ్లైఫోసేట్ వల్లే లింఫోమా వచ్చిందన్న ఒక స్కూలు తోటపనివాడి పక్షాన ఇచ్చిన తీర్పు గురించి అయ్యుంటుంది. తర్వాత కొన్ని కేసుల్లో బాధితులు గెలిచారు, కొన్నిటిలో ఆ మందు తయారుచేసిన కంపెనీ గెలిచింది. కేసు వేయడం మీ హక్కు, వద్దనను. కానీ ‘ఈ మందు వల్లే, ఈ మనిషికే, ఈ గడ్డ వచ్చింది’ అని నిరూపించాలి. నలభై ఏళ్లలో ఎన్ని రకాల డబ్బాలు తెరిచారో ఆయనకే గుర్తుండదు, బిల్లులు ఉండవు. ముందు ఒక లాయరుతో ఒకసారి మాట్లాడి చూడండి. కేసు ఖర్చుకు పొలం అమ్మే పరిస్థితి మాత్రం తెచ్చుకోకండి, మిగిలిన మూడు కీమోలకు, ఆ తర్వాత స్కాన్లకు డబ్బు కావాలి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంటే ఏ ప్యాకేజీ వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను అడగండి.

పొలం గురించి నాకు ఒక మాట గట్టిగా అనిపిస్తోంది, చెప్పకుండా ఉండలేను. కౌలుకిచ్చేస్తే మన ఇంటికి ముప్పు తప్పుతుందని మీ తమ్ముడు అన్నాడట. తప్పదు, చేయి మారుతుంది. రేపు అదే ట్యాంకు ఇంకొకరి వీపున కారుతుంది. 2021–22లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసినప్పుడు రోజు విడిచి రోజు మందు కొట్టిన రైతుల్లో కౌలుదార్లే ఎక్కువ నష్టపోయారు, వాళ్ల ఒంటి మీద పడ్డ మందుకు లెక్క రాసినవాళ్లు లేరు. అమ్మినా, కౌలుకిచ్చినా, తమ్ముడే చేసినా, మందు వాడకం తగ్గించడం వేరే పని. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం చేస్తున్నవాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు. తమ్ముణ్ణి వెళ్లి ఒక పంటకాలం చూడమనండి. మొదట్లో దిగుబడి తగ్గుతుందేమో అన్న భయం న్యాయమైనదే, ముందు ఒక ఎకరంలో చూసుకోవచ్చు. అంతదాకా చేయదగినవి మాత్రం ఖరీదైనవి కావు. మీ నాన్నగారు బకెట్లో మందు పోసి చేత్తో కలిపేవారని రాశారు. కర్రతో కలపాలి, చేతికి రబ్బరు తొడుగులు ఉండాలి, కారే ట్యాంకు వాడకూడదు, గాలికి ఎదురుగా కొట్టకూడదు, మందుకొట్టిన బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. చర్మం గుండా ఒంట్లోకి వెళ్లేది పీల్చేదానికన్నా తరచుగా ఎక్కువ. డబ్బా మీద రంగు త్రికోణం చూసి ధైర్యపడకండి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అప్పటికప్పుడు విషం ఎంతో చెబుతాయి, ఇరవై ఏళ్ల తర్వాతి సంగతి చెప్పవు.

ఇప్పుడు మీ ఆఖరి ప్రశ్న: ఎవరి వల్ల జరిగింది? వయసు, గమాక్సిన్, ఆ తర్వాతి నలభై ఏళ్ల మందులు, ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న ఎప్‌స్టైన్–బార్ లాంటి వైరస్ (పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఒంట్లో ఉంటుంది), వీటన్నిటికీ తోడు జన్యువుల రాతలో యాదృచ్ఛికంగా పడ్డ తప్పు. వీటిలో ఏది ఎంత అన్నది ఒక మనిషి విషయంలో ఎవరూ తూచి చెప్పలేరు. ముప్పు పెంచేది వేరు, కారణం వేరు. మందు కొట్టిన వేలమందికి ఇది రాలేదు. జీవితంలో పురుగుమందు వాసనే చూడని గుమస్తాలకు వచ్చింది.

కానీ ఆ నాలుగు నెలలు వేరు. అవి పోవడం నిజం, అక్కడ పొరపాటు జరిగింది. మన దగ్గర మెడగడ్డల్లో టీబీ చాలా ఎక్కువ కాబట్టి ఆ అనుమానం రావడం సహజం. కానీ సూది పరీక్షలో ఏమీ తేలనప్పుడు గడ్డను కోసి తీసి చూడకుండా నెలల తరబడి మందివ్వడం సరికాదు. లింఫోమాను సూదితో తీసిన నాలుగు కణాల్లో పట్టుకోవడం కష్టం, గ్రంథి మొత్తం కావాలి. ఇది చదివే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి: గడ్డకు టీబీ మందు మొదలుపెట్టేముందు ‘టీబీ అని పరీక్షలో తేలిందా?’ అని అడగండి. బయాప్సీకి ముందు స్టెరాయిడ్లు ఇస్తే గడ్డ తాత్కాలికంగా కరిగి ఫలితం మసకబారుతుందనీ గుర్తుంచుకోండి. మీ విషయంలో, ఫిర్యాదు చేయాలనిపిస్తే కాగితాలన్నీ దాచండి, అది తొందరపడాల్సిన పని కాదు. మీరు మాత్రం చేయగలిగిందే చేశారు. గడ్డ కనబడ్డ వారంలోనే సెలవు పెట్టి డాక్టరుకు చూపించారు. తర్వాత నమ్మకం కుదరక హైదరాబాద్ తెచ్చిందీ మీరే. ఈ రకం లింఫోమాలో పదిమందిలో ఆరుగురికి ఈ వైద్యంతో పూర్తిగా నయమవుతుంది. మూడో కీమోకే గడ్డ తగలకపోవడం మంచి గుర్తు. స్కాన్‌లో ఎలా ఉందో చూశాక డాక్టరు గట్టిగా చెప్పగలరు.

కంచం సంగతి మిగిలింది. అమ్మగారిని ‘ఎందుకు వేరు పెట్టావు’ అని నిలదీయకండి. భయంలో ఆవిడకు తోచిన జాగ్రత్త అది. లింఫోమా కంచం ద్వారా, ఊపిరి ద్వారా, పక్కన పడుకోవడం ద్వారా ఎవరికీ రాదు. ఇప్పుడు జాగ్రత్త తిరగబడింది: ఆయన నుంచి మనకు కాదు, మన నుంచి ఆయనకు. కీమో అయిన వారం పదిరోజులకు తెల్లకణాలు అడుగంటుతాయి, అప్పుడు జలుబున్న చుట్టాన్ని గుమ్మంలోనే ఆపాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకూడదు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. ఆ పని అమ్మగారికి అప్పజెప్పండి. ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉందో లేదో ఇవాళ సాయంత్రమే ఫోన్ చేసి కనుక్కోండి.